మాస్టారి పాస్‌పోర్టు రిజిస్టరు: ఒక ఎన్నారై ట్రస్టు కేసు

ఊరి పేరు, జిల్లా, మనుషుల వృత్తులు మార్చాను. అంకెల్ని కూడా కొంచెం అటూ ఇటూ జరిపాను గానీ వాటి మధ్య నిష్పత్తి చెడనివ్వలేదు. ఈ కేసంతా ఆ నిష్పత్తుల మీదే నడిచింది మరి. ట్రస్టు వాళ్లకు చదివి వినిపించి, సరేనన్నాకే పెడుతున్నాను.

నేపథ్యం

ఒకే హైస్కూల్లో చదివిన పద్నాలుగు మంది అమెరికాలో స్థిరపడ్డారు. 2011లో అక్కడ ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, దాతలకు పన్ను మినహాయింపునిచ్చే 501(సి)(3) హోదా తెచ్చుకున్నారు. ఏడాది రాబడి ఎప్పుడూ 50 వేల డాలర్లు దాటలేదు కాబట్టి అక్కడి ఆదాయపు పన్ను శాఖకు పోస్టుకార్డంత 990-ఎన్ ఆన్‌లైన్‌లో పంపితే సరిపోయేది. అది కూడా ఒకసారి వరసగా రెండేళ్లు మరిచిపోయారు. మూడో ఏడూ మరిచిపోయి ఉంటే హోదా దానంతటదే రద్దయ్యేది. ఎవరో గుర్తు చేయడంతో గట్టెక్కారు.

2016లో ఊళ్లో ట్రస్టు రిజిస్టరు చేశారు. పేద పిల్లలకు ఫీజులు, సాయంత్రం చదువు కేంద్రం, చిన్న గ్రంథాలయం. రిటైరైన హెడ్మాస్టారు అధ్యక్షులు. ట్రస్టీలు ఏడుగురు. వాళ్లలో ముగ్గురు అమెరికా సంస్థలోనూ సభ్యులే. పెట్టిన రోజున అది బలమనుకున్నారు. అదే తర్వాత కాలికి అడ్డం పడింది.

నా దగ్గరికి వచ్చిన చిక్కు

2021 జూలైలో మాస్టారు ఒక ప్లాస్టిక్ ఫోల్డరు పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. అమెరికా సంస్థ ఖాతా నుంచి ట్రస్టు ఖాతాకు వచ్చిన 12,000 డాలర్లను బ్యాంకు జమ చేయకుండా వెనక్కి పంపేసింది. కారణం ఒక్క ముక్క: ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు పుచ్చుకునే అనుమతి) లేదు.

"ఆడిటర్ గారూ, మా పిల్లలు మా ఊరికి పంపుకున్న డబ్బండీ ఇది. ఇందులో విదేశీ ఎవరు?" అన్నారు.

ఈ ప్రశ్న నేను చాలామంది నోట విన్నాను. దానం ఎక్కడికి పోతోంది, దేనికి ఖర్చవుతోంది అన్న వైపు నుంచి దాతలు ఆలోచిస్తారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 (ఎఫ్‌సీఆర్‌ఏ) చూసేది రెండో కొసను: ఇచ్చింది ఎవరు? ఇచ్చిన మనిషి పౌరసత్వం ఏది, ఇచ్చిన సంస్థ ఎక్కడ రిజిస్టరైంది? భారత పాస్‌పోర్టున్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. హెచ్‌1బీ అయినా, గ్రీన్ కార్డయినా అతను భారత పౌరుడే. అదే మనిషి అమెరికా పౌరుడైతే, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చేది) ఉన్నా, తెలుగులోనే కలలు కంటున్నా, చట్టం దృష్టిలో విదేశీ వనరు. ఇక పద్నాలుగు మందీ భారత పౌరులే అయినా, అక్కడ రిజిస్టరైన సంస్థ పేరు మీద డబ్బు వస్తే అది విదేశీ విరాళమే.

అంటే ఆ బ్యాంకు చేసింది న్యాయమే. నాకు అనుమానం వచ్చింది ఇంకోచోట.

"ఇంతకు ముందు డబ్బు ఎలా వచ్చేది మాస్టారూ?"

ఆయన సంకోచం లేకుండా చెప్పారు. అమెరికాలో కోశాధికారి సభ్యులందరి దగ్గరా జెల్ యాప్‌లో తన సొంత ఖాతాలోకి పోగు చేసి, ఊళ్లో ఉన్న తమ్ముడికి పంపేవాడు. తమ్ముడు ట్రస్టు ఖాతాలో వేసేవాడు. మూడు ఆర్థిక సంవత్సరాల్లో, 2017 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా, మొత్తం రూ. 22,40,000. తమ్ముడి బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రతి జమ పక్కనా పీ1301 అనే కోడ్ ఉంది. కుటుంబ పోషణకు పంపిన సొమ్ము అని దానర్థం. ధార్మిక సంస్థలకిచ్చే విరాళాల కోడ్ పీ1303. దొంగతనం ఎక్కడా లేదు, పైసాతో సహా పిల్లల ఫీజులకే పోయింది. కాగితం మీద మాత్రం అబద్ధం ఉంది.

2021లో దారి ఎందుకు మార్చారంటే, సభ్యుల కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలిపి ఇచ్చే పథకాలు పెట్టాయి. ఆ జోడింపు 501(సి)(3) సంస్థకే వస్తుంది. తమ్ముడి ఖాతాకు రాదు. అందుకే సంస్థ ఖాతా నుంచి నేరుగా పంపారు, పట్టుబడ్డారు. నా దృష్టిలో ఆ పట్టుబడటమే ఈ ట్రస్టుకు జరిగిన మొదటి మంచి.

పాత లెక్క తేల్చడం

ముందు కొత్త డబ్బు సంగతి చూడమని కమిటీ ఒత్తిడి. నేను ఒప్పుకోలేదు. రేపు ఎఫ్‌సీఆర్‌ఏకి ఏ దరఖాస్తు పెట్టినా పాత విదేశీ విరాళాల ప్రస్తావన వస్తుంది. అక్కడ 'లేదు' అని రాసి సంతకం పెట్టేది మాస్టారు. డెబ్బై ఏళ్ల మనిషి చేత అబద్ధపు వాంగ్మూలం మీద సంతకం పెట్టించి నేను నిద్రపోలేను.

వాళ్లకు తెలిసిన మరో ఆడిటర్ "తమ్ముడు ఇచ్చాడని రాయండి, అది స్థానిక విరాళం" అన్నారట. వినడానికి తెలివిగా ఉంటుంది. కానీ చట్టంలో విదేశీ విరాళం నిర్వచనం కిందే ఒక వివరణ ఉంది: విదేశీ వనరు నుంచి పుచ్చుకున్న వ్యక్తి, నేరుగా గానీ ఒకరిద్దరి చేతులు మారి గానీ, మరొకరికి ఇచ్చినా అది విదేశీ విరాళమే. తమ్ముళ్ల దారి మూయడానికే ఆ వాక్యం రాసినట్టుంటుంది. బంధువుల నుంచి ఏడాదికి రూ. 10 లక్షల దాకా ప్రభుత్వానికి తెలపకుండా పుచ్చుకోవచ్చన్న 2022 సవరణను కూడా కొందరు ఇక్కడికి లాక్కొస్తారు. అది ఆ బంధువు సొంతానికి వాడుకునే డబ్బు గురించి. ట్రస్టుకు చేరవేయడానికి కాదు.

కోశాధికారి ఒక పుణ్యం చేశాడు. ఏ నెల ఎవరు ఎంత ఇచ్చారో ఎక్సెల్‌లో రాసుకున్నాడు. ఆ షీటులో నేను ఒక వరుస చేర్చమన్నాను: ఇచ్చిన తేదీ నాటికి ఆ మనిషి ఏ దేశ పౌరుడు? పద్నాలుగు మందిలో ఐదుగురు అప్పటికే అమెరికా పౌరులు. లెక్క తేలితే భారత పౌరులిచ్చింది రూ. 13,60,000, అమెరికా పౌరులిచ్చింది రూ. 8,80,000.

ఆ 8.8 లక్షలకు కాంపౌండింగ్ దరఖాస్తు పెట్టాం. జరిగిన తప్పు మనమే ఒప్పుకుని, నిర్ణయించిన సొమ్ము కట్టి, ప్రాసిక్యూషన్ దాకా పోకుండా ముగించుకోవడానికి చట్టంలోని 41వ సెక్షన్ ఇచ్చే వీలు అది. మిగతా 13.6 లక్షల గురించీ వివరాలన్నీ జతచేశాను. ఒకరి ఖాతాలో పోగుపడ్డాక ఏ రూపాయి ఎవరిదో అధికారులు అడగక ముందే మనం చూపడం మేలనుకున్నాను. కట్టాల్సిన సొమ్ము ఊళ్లోని ట్రస్టీలు తలా కొంత వేసుకున్నారు. అమెరికా వాళ్లు తామే కడతామన్నారు. ఆ డబ్బు మళ్లీ ఏ దారిన వస్తుందో ఆలోచించి అందరం నవ్వుకున్నాం.

నా పొరపాటు

2022 ఏప్రిల్‌లో కాంపౌండింగ్ ముగిసింది. తర్వాత ఏ తలుపు తట్టాలి?

ఎఫ్‌సీఆర్‌ఏలో రెండు దారులు. ఎఫ్‌సీ-3ఏ ఫారంతో పూర్తి రిజిస్ట్రేషన్. దానికి సంస్థ పుట్టి మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు కార్యక్రమాల మీద కనీసం రూ. 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. కోవిడ్‌లో బడి మూతపడి, పాత దారి కూడా మూసుకుపోయి ట్రస్టు ఖర్చు పడిపోయింది. ఆ 15 లక్షలకు దరిదాపుల్లో లేదు. రెండోది ఎఫ్‌సీ-3బీ ఫారంతో ముందస్తు అనుమతి: ఫలానా దాత, ఫలానా పనికి, ఇంత మొత్తం ఇస్తానని రాసిచ్చిన పత్రంతో ఆ ఒక్కదానికే అనుమతి. కొత్త సంస్థలకు ఇదే తగిన దారి. కంప్యూటర్ ల్యాబు, ఇద్దరు శిక్షకులు, మొత్తం 25 లక్షలకు జూన్‌లో దరఖాస్తు పెట్టాం. విచారణకు అధికారి ఊరికి వచ్చి, చదువు కేంద్రం చూసి, పిల్లల హాజరు పుస్తకం తిరగేసి వెళ్లారు. మాస్టారు ఆ రోజంతా ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నారు.

2023 ఫిబ్రవరిలో తిరస్కరణ వచ్చింది.

తప్పు నాది. దాత సంస్థలోనూ, పుచ్చుకునే సంస్థలోనూ ఉమ్మడి సభ్యులుంటే ముందస్తు అనుమతికి షరతులున్నాయి. పుచ్చుకునే సంస్థ ప్రధాన బాధ్యుడు దాత సంస్థలో ఉండకూడదు. మాస్టారు లేరు, సరే. పాలకవర్గంలో కనీసం ఇంత శాతం మంది దాత సంస్థకు బయటివాళ్లై ఉండాలి. నా బుర్రలో ఉన్న అంకె 51. ఏడుగురిలో నలుగురు బయటివాళ్లు, అంటే 57 శాతం, దాటేశాం అనుకున్నాను. 2020 నవంబరులో నియమాలు సవరించినప్పుడు ఆ అంకె 75 అయింది. ఆ సవరణను నేను చదివాను కూడా. 15 లక్షల సంగతి, స్టేట్ బ్యాంకు ఖాతా సంగతి గుర్తుపెట్టుకున్నాను. ఈ వాక్యం మీద కన్ను ఆగలేదు. రోజూ వాడని అంకెను జ్ఞాపకం నుంచి తీసి వాడటం మా వృత్తిలో ఎంత ప్రమాదమో నాకు తెలియక కాదు. ట్రస్టుకు ఎనిమిది నెలలు పోయాయి. ఆ దరఖాస్తు పనికి తీసుకున్న ఫీజు తిరిగిచ్చేశాను. మాస్టారు పుచ్చుకోనన్నారు. గ్రంథాలయానికి రాయించాను.

పనికిరాని మరో దారి

ఈలోగా ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థ ముందుకొచ్చింది. "మా ఖాతాలో వేయండి, పది శాతం ఉంచుకుని మీకిస్తాం" అంది. 2020 సెప్టెంబరు సవరణ తర్వాత ఇది ఎంతమాత్రం కుదరదు. అంతకు ముందు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ అలాంటి మరో సంస్థకు ఇవ్వగలిగేది. ఇప్పుడు రిజిస్టరైన సంస్థకైనా, కానిదానికైనా విదేశీ విరాళం బదలాయించడం నిషిద్ధం. ఆ సవరణల మీద కొన్ని సంస్థలు సుప్రీంకోర్టుకు వెళితే 2022 ఏప్రిల్‌లో కోర్టు వాటిని సమర్థించింది. పేరున్న సంస్థ ఇంత తేలిగ్గా ఎలా అందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బహుశా కిందిస్థాయి ఉద్యోగి పాత అలవాటు మీద అన్నమాట కావచ్చు.

కానీ ఆ సంభాషణలోనే అసలు దారి దొరికింది. డబ్బు చేతులు మారకూడదు గానీ, ఆ సంస్థ తానే ఆ ఊళ్లో పని చేస్తే?

పనిచేసిన దారి

డబ్బును పాస్‌పోర్టు రంగును బట్టి రెండు కాలువలుగా విడగొట్టాం.

మొదటి కాలువ భారత పౌరులది. అప్పటికి తొమ్మిది మంది. అమెరికా సంస్థ ప్రమేయం లేకుండా, ఎవరి ఎన్నారీ లేదా ఎన్నార్వో ఖాతా (ప్రవాసులకు మన బ్యాంకులిచ్చే ఖాతాలు) నుంచి వాళ్లే ట్రస్టు ఖాతాకు పంపాలి. ఒకరి తరఫున ఇంకొకరు పంపకూడదు. ఒక్కొక్కరి పాస్‌పోర్టు నకలు, 'నేను భారత పౌరుణ్ని, ఇది నా సొంత సొమ్ము' అన్న సంతకం పత్రం ట్రస్టు దగ్గర ఉండాలి. అమెరికాలో పన్ను మినహాయింపు పోతుంది, కంపెనీ జోడింపూ పోతుంది. దీనికి ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. జూమ్‌లో ఒకాయన "నేను వంద ఇస్తే కంపెనీ ఇంకో వంద ఇస్తుంది సార్, ఆ వంద నేలపాలేనా?" అన్నాడు. నేలపాలే అన్నాను. ఇంకేం చెప్పాలి?

రెండో కాలువ అమెరికా పౌరులది, కంపెనీల జోడింపుది. అది 501(సి)(3) నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ సంస్థకు, ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న దాని ఖాతాకు పోతుంది. విదేశీ విరాళం మొదట దిగాల్సిన చోటు దేశంలో అదొక్కటే. ల్యాబు ఆ సంస్థ ప్రాజెక్టు. కంప్యూటర్ల బిల్లు దాని పేరు మీద, శిక్షకుల నియామకం దానిది, జీతం దాని ఖాతా నుంచి. పాలనా ఖర్చు 20 శాతం మించకూడదు కాబట్టి బేరం కూడా తేలికైంది. ట్రస్టుకు ఒక్క రూపాయి రాదు. మాస్టారు సాయంత్రం వెళ్లి పిల్లలు వస్తున్నారో లేదో చూస్తారు, అంతే.

అమెరికా వైపు కూడా ఒక మెలిక ఉంది. అక్కడి సంస్థ కేవలం గొట్టంలా ఇటు నుంచి వచ్చింది అటు పోస్తే దాతల మినహాయింపు నిలవదు. ఎవరికివ్వాలో, ఇవ్వాలో వద్దో వాళ్ల బోర్డే నిర్ణయించాలి, ఆ అధికారం తన చేతిలో ఉంచుకోవాలి. అందుకే వాళ్ల చేత తీర్మానం రాయించి, ఎఫ్‌సీఆర్‌ఏ సంస్థతో ఒప్పందం చేయించి, ఆరు నెలలకోసారి ఖర్చు నివేదిక తెప్పించే షరతు పెట్టించాను.

గొడవ డబ్బు దగ్గర రాలేదు, నేమ్‌బోర్డు దగ్గర వచ్చింది. ల్యాబు గుమ్మం మీద ఎవరి పేరుండాలి? కట్టించింది మేము, మా ట్రస్టు పేరు లేకుండా ఎలా అని ట్రస్టు వాళ్లు పట్టుబట్టారు. సంస్థ తన ప్రాజెక్టుకు వేరొకరి పేరు పెట్టలేనంది. నేనూ సంస్థ వైపే మాట్లాడాను. రేపు తనిఖీకి వచ్చిన అధికారి మొదట చూసేది గోడనే. ఆ గోడ మీద ట్రస్టు పేరుంటే, డబ్బు ట్రస్టుకు బదలాయించలేదని మేము కాగితాలతో ఎంత వాదించాలో ఊహించుకోండి. చివరికి బోర్డే పెట్టలేదు. పిల్లలు 'అమెరికా రూము' అంటున్నారు. దాన్ని ఏ ఆడిటరూ ఆపలేడు.

ఈ మధ్యలోనే సెలవుకు వచ్చిన ఒక సభ్యుడు నాలుగు పాత ల్యాప్‌టాపులు సూట్‌కేసులో తెచ్చి ట్రస్టు బల్ల మీద పెట్టాడు. అమెరికా పౌరుడు. వస్తువులూ విదేశీ విరాళం కిందికే వస్తాయని చెబితే "ఇవి పారేయాల్సినవండీ" అన్నాడు. అవి ఆ సంస్థ పుస్తకాల్లో వస్తురూప విరాళంగా ఎక్కి, అక్కణ్నుంచి ల్యాబుకు చేరాయి.

పాలకవర్గాన్ని కూడా సరిచేశాం. ఉమ్మడి సభ్యులు ముగ్గుర్లో ఇద్దరు ట్రస్టు వదులుకోవాలి, వాళ్ల చోట బయటివాళ్లు రావాలి. అప్పుడు ఏడుగురిలో ఆరుగురు బయటివాళ్లు, 85 శాతం పైమాటే. "మా ఊరి ట్రస్టులోంచి మమ్మల్నే పొమ్మంటారా మాస్టారూ?" అని ఒకాయన ఫోన్లో గొంతు పెంచాడు. మాస్టారు కోప్పడలేదు. "నువ్వు ట్రస్టీవి కాకపోతే నా శిష్యుడివి కాకుండా పోతావట్రా?" అన్నారు. మర్నాడు రాజీనామా పత్రం మెయిల్లో వచ్చింది.

ఇప్పుడున్న స్థితి

మొదటి కాలువ నిలకడగా పారడంతో 2025 మార్చి నాటికి మూడేళ్ల ఖర్చు 15 లక్షలు దాటింది. పూర్తి రిజిస్ట్రేషన్‌కు ఎఫ్‌సీ-3ఏ పెట్టాం. ట్రస్టీలందరి ఆధార్, దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) నంబరు, మూడేళ్ల ఆడిట్ పత్రాలు, ఏడాదివారీ కార్యక్రమ నివేదికలు, పాత కాంపౌండింగ్ ఉత్తర్వు నకలు, అన్నీ పెట్టాం. ఇది రాసే నాటికి విచారణలో ఉంది. వచ్చినా రెండు కాలువలనూ కలపవద్దని చెప్పాను. వచ్చిన రోజు నుంచి వేరే ఖాతా, వేరే పుస్తకాలు, విరాళం వచ్చినా రాకపోయినా ఏటా డిసెంబరు 31లోగా ఎఫ్‌సీ-4 (విదేశీ విరాళాల వార్షిక లెక్క). అది దాటించి చిక్కుల్లో పడ్డ సంస్థల్ని చాలా చూశాను.

ఇంకో సంగతి నాకూ ఈ కేసే నేర్పింది. 2024 అక్టోబరులో తొమ్మిది మందిలో ఒకతను అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశాడు. నెలనెలా 5వ తేదీన పది వేలు పోయేలా ఎప్పుడో బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చి ఉన్నాడు. ప్రమాణం 2న. డబ్బు 5న వచ్చేసింది. మాస్టారి రిజిస్టరులో అతని భారత పాస్‌పోర్టు 2029 దాకా చెల్లుతుంది, అంతా సవ్యంగానే ఉంది. కానీ ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. బీరువాలో పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉన్నంత మాత్రాన పౌరుడు కాడు. ఫేస్‌బుక్‌లో జెండా పట్టుకున్న ఫొటో చూసి మాస్టారే నాకు ఫోన్ చేశారు. ఆ పది వేలు అదే ఖాతాకు తిప్పి పంపి, ఎందుకు పంపామో మినిట్స్‌లో రాయించాను.

'నేను భారత పౌరుణ్ని' అన్న సంతకం పత్రాన్ని నేను ఏడాదికోసారి తీసుకోమన్నాను. మాస్టారు ఇప్పుడు నెలకోసారి తీసుకుంటున్నారు. ప్రతి నెలా ఒకటో తేదీ సాయంత్రం, వాళ్లకు తెల్లవారే వేళకు, వాట్సాప్ గ్రూపులో ఆయన ఒకే మెసేజ్ పెడతారు: "ఈ నెలలో ఎవరికైనా ప్రమాణం ఉందా నాయనా?" ఎనిమిది మందీ 'లేదు మాస్టారూ' అని రాసేదాకా ఫోన్ పక్కన పెట్టరు. రిజిస్టరులో ఎర్ర సిరాతో కొత్త గడి గీశారు. ఆ గడిలో ఇప్పటికి ఒక్క తేదీయే ఉంది.